నివురు చెప్పే పాఠం

పొయ్యిలోని చిటికెడు బూడిద నుంచి శ్రీహరికోట రాకెట్ దాకా, మంటలో లోహాలు చేసే పని

‘నివురుగప్పిన నిప్పు’ అని పెద్దవాళ్లు అంటుంటారు. పైకి చల్లగా కనిపించి లోపల రగిలే మనిషి గురించో, సద్దుమణిగినట్టే ఉన్న తగాదా గురించో ఆ మాట వాడతాం. అగ్గిపెట్టె చవగ్గా దొరకని రోజుల్లో మాత్రం అది సామెత కాదు, రోజూ చేసే పని. రాత్రి వంటయ్యాక నిప్పుకణికలను బూడిదలో కప్పి పడుకునేవారు. తెల్లవారాక ఆ బూడిదను పక్కకు జరిపి, నాలుగు ఎండుపుల్లలు వేసి ఊదితే పొయ్యి రాజుకునేది.

రాత్రంతా ఆ బూడిద ఏం చేసినట్టు? నిప్పుకు గాలిని కొద్దికొద్దిగానే అందనిచ్చింది. వేడి బయటికి పోకుండా దుప్పటిలా కాపాడింది. కానీ ఇది సగం జవాబే. మిగతా సగం ఆ బూడిదలో ఉన్న లోహాలది. ఈ సగం జవాబును పట్టుకుని వెళితే ఎనిమిదో తరగతి ‘దహనం’ పాఠం మన వంటింట్లో మొదలై, బొగ్గు బాయిలర్ల మీదుగా, దీపావళి మందుల మీదుగా రాకెట్ దాకా సాగుతుంది.

బూడిదలో లోహమా?

లోహం అంటే పిల్లలకు ఇనుప మేకు, రాగి చెంబు గుర్తొస్తాయి. బూడిదలో లోహం ఉందంటే నమ్మరు. ఇలా చెప్పి చూడండి: కర్ర కాలినప్పుడు అందులోని కార్బన్, హైడ్రోజన్ వాయువులుగా మారి గాలిలో కలిసిపోతాయి. చెట్టు తన వేళ్లతో నేలలోంచి పీల్చుకున్న కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం, కొద్దిపాటి ఇనుము, మాంగనీసు మాత్రం ఎక్కడికీ పోవు. అవి లవణాలుగా, ఆక్సైడ్లుగా మిగిలిపోతాయి. అదే బూడిద.

మన అమ్మమ్మలు అంట్లు తోమడానికి బూడిద వాడటం వెనకా ఇదే ఉంది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ క్షారం. అది జిడ్డును వదిలిస్తుంది. కర్రబూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని కుండలో మరిగించి ఇంకించగా వచ్చే తెల్లటి పొడిని ఐరోపాలో ‘పాటాష్’ అనేవారు. అంటే కుండ బూడిద. 1807లో హంఫ్రీ డేవీ పాటాష్ నుంచి తయారైన క్షారంలోంచి విద్యుత్తు సాయంతో ఒక కొత్త లోహాన్ని విడదీశాడు. దానికి పొటాషియం అన్న పేరు ఆ కుండ బూడిద వల్లే వచ్చింది.

చక్కెర బిళ్ళ ఎందుకు అంటుకోదు?

తరగతిలో ఉపాధ్యాయులే చేసి చూపించదగిన చిన్న ప్రయోగం ఒకటుంది. రెండు చక్కెర బిళ్ళలు తీసుకోండి. ఒకదాన్ని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల మంట అంచున ఉంచండి. చక్కెర కరుగుతుంది, గోధుమరంగు పాకంలా కారుతుంది, మాడిన వాసన వస్తుంది. మంట మాత్రం పట్టుకోదు. అగ్గిపుల్ల తీసేస్తే అంతా ఆగిపోతుంది.

రెండో బిళ్ళ ఒక మూలకు చల్లారిన కర్రబూడిద కొంచెం బాగా రుద్దండి. ఆ మూలకు అగ్గిపుల్ల చూపండి. ఈసారి చక్కెర అంటుకుంటుంది. అగ్గిపుల్ల తీసేసినా చిన్న మంటతో మండుతూనే ఉంటుంది.

చక్కెర అదే, అగ్గిపుల్ల అదే. కొత్తగా చేరింది చిటికెడు బూడిద. అది అప్పటికే పూర్తిగా కాలిపోయిన పదార్థం కాబట్టి అది మండి వేడినిచ్చే ప్రశ్నే లేదు. తాను మండకుండా చక్కెరను మండించింది.

ఇక్కడ వెంటనే ‘ఉత్ప్రేరకం’ అని బోర్డు మీద రాసేసి ముగించవద్దు. పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. ‘బూడిద నిజంగా రసాయన చర్యకు సాయపడిందా? లేక దీపంలో వత్తిలా కరిగిన చక్కెరను పీల్చి మంటకు అందించిందా?’ పాఠ్యపుస్తకాలు సాధారణంగా మొదటి జవాబే చెబుతాయి. రెండోది కూడా కొట్టిపారేయదగినది కాదు. ఎలా తేల్చాలి? శుభ్రంగా కడిగి ఆరబెట్టిన మెత్తటి ఇసుక మరో బిళ్ళకు రుద్ది చూడమనండి. పలక బలపం పొడితో, నీళ్లలో పలుమార్లు కడిగి క్షారం పోగొట్టిన బూడిదతో కూడా చూడమనండి. ఏది ఎంత బాగా అంటుకుందో పట్టిక రాయించండి. జవాబు కన్నా ఆ పట్టిక విలువైనది. సైన్సు అంటే బట్టీ పట్టడం కాదు, అనుమానాన్ని పరీక్షకు పెట్టడం అని పిల్లలకు అప్పుడే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త: కరిగిన చక్కెర చర్మానికి అంటుకుంటే వదలదు, లోతుగా కాలుస్తుంది. కింద స్టీలు పళ్లెంలో ఇసుక పోసి, పక్కన బక్కెట్టు నీళ్లు పెట్టుకుని, పెద్దవాళ్లే చేయాలి. పిల్లలు చూడాలి, రాసుకోవాలి.

విందులో ముగ్గురు

ఘన ఇంధనానికి లోహాన్నో, లోహ లవణాన్నో కలిపితే మంట మారుతుంది. కానీ అన్ని లోహాలూ ఒకే పని చేయవు. తరగతిలో ఎక్కువ గందరగోళం ఇక్కడే వస్తుంది. పెళ్లి విందుతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మంట అంటే ఇంధనం, ఆక్సిజన్ కలిసే విందు అనుకుందాం.

మొదటివాడు వడ్డించేవాడు. వంటశాల నుంచి తెచ్చి విస్తట్లో వేస్తాడు, మళ్లీ వెనక్కి వెళతాడు. తాను తినడు. కానీ అతను లేకపోతే పంక్తి ముందుకు సాగదు. ఇది ఉత్ప్రేరకం. బూడిదలోని పొటాషియం, ఇనుము లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇనుము ఆక్సైడు తన దగ్గరున్న ఆక్సిజన్‌ను కార్బన్‌కు ఇస్తుంది. గాలి నుంచి మళ్లీ తీసుకుంటుంది. ఈ రాకపోకల వల్ల మంట తక్కువ వేడి దగ్గరే మొదలవుతుంది.

రెండోవాడు సరుకులు మోసుకొచ్చేవాడు. గాలితో పని లేకుండా ఆక్సిజన్‌ను తన లవణంలోనే మూటగట్టి తెస్తాడు. ఇది ఆక్సీకారిణి. పొటాషియం నైట్రేటు, అంటే మన సురేకారం, దీనికి మంచి ఉదాహరణ. ఒక్క అగ్గిపుల్లతో చిటపటలాడుతూ అంటుకునే సాంబ్రాణి బొగ్గు బిళ్ళల్లో ఇలాంటి లవణం ఉంటుంది. మామూలు కుంపటి బొగ్గు అంత తొందరగా అంటుకోకపోవడానికి కారణం అదే.

మూడోవాడు విస్తరి ముందు కూర్చున్నవాడు. అల్యూమినియం, మెగ్నీషియం పొడులు ఇలాంటివి. ఇవి స్వయంగా ఇంధనాలు. తామే మండి, విపరీతమైన వేడినిస్తాయి.

వడ్డించేవాడు, సరుకు తెచ్చేవాడు, తినేవాడు. ఏ ఉదాహరణ వచ్చినా ‘ఇందులో లోహం ఏ పాత్రలో ఉంది?’ అని అడిగితే చాలు, పిల్లలే విడదీసి చెప్పగలరు.

బొగ్గు బాయిలర్‌లో మంచీ చెడూ

తాల్చేరు, చంద్రపూర్, రాయచూరు, ఎన్నూరు. మన పాఠకులు స్థిరపడిన రాష్ట్రాలలోని ఈ ఊళ్ల పేర్లు వినగానే బొగ్గు, కరెంటు గుర్తొస్తాయి. బొగ్గును బాయిలర్‌లో మండించినప్పుడు ముందు అందులోని వాయువులు బయటికొచ్చి మండుతాయి. మిగిలిన గట్టి కార్బన్ నెమ్మదిగా మండుతుంది. దానిలో కాల్షియం, సోడియం, పొటాషియం, ఇనుము ఉంటే ఆ చివరి దశ వేగం పుంజుకుంటుంది. కర్రబొగ్గును ఆమ్లంతో కడిగి ఖనిజాలు తీసేస్తే అది అంటుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. లిగ్నైట్ లాంటి లేత బొగ్గులో కాల్షియం కార్బన్ నిర్మాణంలోనే అణువుల స్థాయిలో పరుచుకుని ఉంటుంది కాబట్టి దాని ప్రభావం ఇంకా ఎక్కువ.

అయితే బూడిద ఎక్కువుంటే బొగ్గు బాగా మండుతుందా? ఇది పిల్లలు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. మండదు. మన దేశపు బొగ్గులో బూడిద తరచూ 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. కానీ అందులో అధిక భాగం సిలికా, అల్యూమినా. అవి వడ్డించేవాళ్లు కారు, పందిట్లో ఊరికే చోటు ఆక్రమించినవాళ్లు. మంటకు సాయపడేది బూడిద బరువు కాదు, అందులో ఏ లోహం, ఏ రూపంలో, ఎంత దగ్గరగా కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉందన్నది.

సాయపడే లోహం కూడా మితిమీరితే చిక్కే. వరిగడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. దాన్ని బాయిలర్‌లో మండిస్తే బూడిద తక్కువ వేడికే కరిగి, గొట్టాలకు గట్టిగా అతుక్కుపోతుంది, వాటిని తినేస్తుంది. అందుకే గడ్డితో కరెంటు తీయడం చెప్పినంత సులువు కాదు. వంటింట్లో మేలు చేసిన పొటాషియమే అక్కడ ఇంజినీర్లకు తలనొప్పి.

అల్యూమినియం గిన్నె ఎందుకు కాలిపోదు?

అల్యూమినియం అంత మంచి ఇంధనమైతే, రోజూ పొయ్యి మీద పెట్టే అల్యూమినియం గిన్నె ఎందుకు అంటుకోదు? రెండు కారణాలు. మొదటిది, అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణంలోనే కంటికి కనపడని పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. లోహం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అది కవచంలా లోపలి లోహాన్ని కాపాడుతుంది.

రెండోది లెక్క. దీన్ని గణితం పీరియడ్‌లో చేయించవచ్చు. ఒక సెంటీమీటరు భుజం ఉన్న అల్యూమినియం ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 0.1 మిల్లీమీటరు భుజం ఉన్న చిన్న ఘనాలుగా కోస్తే 10 లక్షల ముక్కలు వస్తాయి. మొత్తం ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. 0.01 మిల్లీమీటరుకు తగ్గిస్తే 6,000. బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. గాలి తగిలే చోటు వెయ్యి రెట్లయింది. గిన్నె గిన్నెగా ఉండటానికి, అదే లోహం పొడిగా ఉన్నప్పుడు నిప్పురవ్వ చాలు భగ్గుమనడానికి తేడా ఇదే.

ఇక వేడి సంగతి. ఒకే పరిమాణం ఆక్సిజన్‌ను కార్బన్‌తో కలిపితే వచ్చే వేడి కన్నా అల్యూమినియంతో కలిపితే వచ్చే వేడి దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. ఆక్సిజన్‌ను వెంట మోసుకెళ్లాల్సిన చోట ఈ లెక్క చాలా విలువైనది. రాకెట్‌లో జరిగేది అదే.

శ్రీహరికోటలో ఘన ఇంధనం

తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని, పులికాట్ సరస్సు పక్కన ఉన్న శ్రీహరికోట నుంచి 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. 2023 జులై 14న చంద్రయాన్-3ను తీసుకెళ్లిన ఎల్‌వీఎం3 కూడా అక్కడి నుంచే లేచింది. ఆ రాకెట్‌కు రెండు పక్కలా ఉన్న ఎస్200 బూస్టర్లలో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. రెండు నిమిషాలకు కాస్త అటూఇటూగా అదంతా మండిపోతుంది.

ఈ తరహా ఇంధనం చేతితో నొక్కితే రబ్బరులా ఉంటుంది. అందులో ఆక్సిజన్‌ను తెచ్చేది అమ్మోనియం పెర్క్లోరేటు. అంతటినీ పట్టి ఉంచే రబ్బరు కొంత మండుతుంది. వేడిని పెంచేది అల్యూమినియం పొడి, సాధారణంగా 15 నుంచి 20 శాతం. రాకెట్ వెనక టీవీలో కనిపించే ఆ దట్టమైన తెల్లటి పొగలో ఎక్కువగా ఉండేది మండిపోయిన అల్యూమినియం. అది కూడా ఒక రకం బూడిదే. ఆ నలుసులు మరో మేలూ చేస్తాయి. మోటారు లోపల మంట ఊగిసలాడకుండా అదుపు చేస్తాయి.

అమెరికా 1981 నుంచి 2011 దాకా నడిపిన స్పేస్ షటిల్ బూస్టర్లలో ఒక్కోదానిలో దాదాపు 500 టన్నుల ఇంధనం ఉండేది. అందులో అల్యూమినియం 16 శాతం, అంటే సుమారు 80 టన్నులు. ఇనుము ఆక్సైడు 0.4 శాతం, అంటే సుమారు 2 టన్నులు. అల్యూమినియం విస్తరి ముందు కూర్చున్నవాడు, అందుకే 80 టన్నులు కావాలి. ఇనుము ఆక్సైడు వడ్డించేవాడు, అందుకే 2 టన్నులతో పని జరిగిపోతుంది. ఇంధనం ఎంత వేగంగా మండాలో నిర్ణయించడానికి ఆ కొంచెం చాలు. తుప్పు పట్టిన మేకు మీద కనిపించే ఎర్రటి పొడి కూడా ఇనుము ఆక్సైడే అని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడండి.

దీపావళి ముందు చెప్పి తీరాల్సింది

ఇదంతా తెలిశాక ఏ పిల్లవాడికైనా పుట్టే కోరిక ఒకటే, ‘నేనూ చేసి చూస్తా’. ఇక్కడే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు గట్టిగా ఉండాలి.

కాకరపువ్వొత్తిలో రాలే నక్షత్రాలు మండుతున్న ఇనుప రజను, అల్యూమినియం నలుసులు. ఆ వత్తి మండే చోట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. ఆరిపోయిన తీగ కూడా చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే తీగలను నేల మీద పడేయకుండా బక్కెట్టు నీళ్లలో వేయించండి. మతాబుల రంగులు కూడా లోహ లవణాలవే. ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది, నీలం రాగిది, పసుపు సోడియంది.

పేలని టపాకాయల మందు దులిపి పోగుచేయడం, చిచ్చుబుడ్డి మందులో ఇంకేదో పొడి కలపడం పిల్లలు సరదాగా చేసే పనులు. ఇవి ప్రాణం తీసే పనులు. లోహపు పొడి, ఆక్సీకారిణి ఒకచోట చేరితే రాపిడికే అంటుకోవచ్చు. అల్యూమినియం, నైట్రేటు కలిసిన మందుకు తేమ తగిలితే లోలోపల చర్య మొదలై దానంతటదే వేడెక్కుతుంది. కర్మాగారాల్లో దీన్ని ఆపడానికి బోరిక్ ఆమ్లం కలుపుతారు. అంత తెలిసినచోటే ప్రమాదాలు ఆగడం లేదు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో జరిగిన పేలుడులో దాదాపు 40 మంది చనిపోయారు. ఆ విరుదునగర్ జిల్లాలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి బడిలో ఇది దూరపు వార్త కాదు.

మండుతున్న లోహపు పొడి మీద నీళ్లు పోయకూడదన్నది కూడా పిల్లలకు తెలియాలి. వేడి లోహం నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది, మంట ఇంకా ఎగుస్తుంది. అలాంటి చోట పొడి ఇసుకే దిక్కు. ప్రయోగశాలలో నీళ్ల బక్కెట్టు పక్కన ఇసుక బక్కెట్టు ఎందుకు వేలాడుతుందో ఇప్పుడు చెప్పవచ్చు.

బేరియం లవణాల సంగతి వేరు. అవి ఊపిరితో లోపలికి పోతే హాని చేస్తాయి. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బాణసంచాలో బేరియం లవణాలను నిషేధించింది. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తక్కువ పొగ వచ్చే టపాకాయలను రూపొందించారు. వాటిలో ‘సఫల్’ అనే రకం అల్యూమినియాన్ని వీలైనంత తగ్గించి చేసినది. లోహం ఎంత కలపాలి అన్న ప్రశ్న ఇక్కడ ఊపిరితిత్తుల ప్రశ్న అయింది.

మాట దగ్గర ఆగిపోకుండా

హోసూరు, బళ్లారి, బరంపురం, రాయగడ, షోలాపూర్, యానాం. ఏ ఊళ్లో తెలుగు బడికి వెళ్లినా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘సైన్సు తెలుగులో చదివితే రేపు పైతరగతుల్లో మావాడు నిలబడతాడా?’ ఆ భయం ఉత్తది కాదు. పదో తరగతి తర్వాత పిల్లలు రాష్ట్ర భాషలోకో ఇంగ్లిషులోకో మారాల్సి వస్తుంది. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. ఆ తర్వాతి దారిని పిల్లవాడు తనంతట తానే నడవాలి.

కానీ మారేది మాట మాత్రమే. ఉత్ప్రేరకాన్ని తమిళంలో ‘వినైయూక్కి’ అంటారు. మరాఠీ, ఒడియాలలో ‘ఉత్ప్రేరక’ అనే అంటారు, మన మాటకు అక్కడ వీసా అక్కర్లేదు. ఇంగ్లిషులో ‘కాటలిస్ట్’. అమ్మమ్మ పొయ్యిని, చక్కెర బిళ్ళను, విందులో వడ్డించేవాడిని చూసి అర్థం చేసుకున్న పిల్లకు కొత్త మాట నేర్చుకోవడం ఒక్క పూట పని. అర్థం కాకుండా మాటలు మాత్రమే నేర్చుకున్నవారికి ఏ భాషలోనైనా ప్రతి పాఠమూ మళ్లీ మొదలే.

ఒక పని చేయవచ్చు. సైన్సు నోటు పుస్తకం చివర మూడు గడులు గీయించండి. మొదటి గడిలో తెలుగు మాట, రెండో గడిలో రాష్ట్ర భాషలోని మాట, మూడో గడిలో ఇంగ్లిషు మాట. దహనం, ఇంధనం, ఆక్సీకారిణి, ఉత్ప్రేరకం, జ్వలన ఉష్ణోగ్రత. వారానికి ఐదు మాటలు చాలు. రాష్ట్ర భాషలోని మాటను పక్కింటి పిల్లల పుస్తకంలో వెతికి తెమ్మనండి. ఏడాది తిరిగేసరికి పిల్లల చేతిలో వాళ్లే తయారుచేసుకున్న నిఘంటువు ఉంటుంది.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా తేలిక. ఇంట్లో పెద్దవాళ్లుంటే, రాత్రి నిప్పును ఎలా దాచేవారో పిల్లల్ని అడగమనండి. ఏ కర్ర బూడిద అంట్లకు బాగుండేది, ఏ పిడక ఎంతసేపు రగిలేది అని రాసుకోమనండి. మర్నాడు ఆ జవాబులు తరగతిలో చదివించండి. ఆ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. నివురు కింద నిప్పులా అవి ఇంకా మన ఇళ్లలోనే ఉన్నాయి. ఎవరో ఒకరు బూడిద జరిపి ఊదాలి.